అంచున నిలబడ్డ పరమాణువులు

డాల్డా డబ్బా ఎరగని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. ఆ డబ్బాలోని వనస్పతి ఎలా తయారవుతుందో తెలిసినవాళ్లు అంతకన్నా అరుదు. ద్రవంగా ఉన్న నూనెలోకి హైడ్రోజన్ వాయువును ఎక్కిస్తే అది గడ్డకట్టి నెయ్యిలా పేరుకుంటుంది. కానీ ఊరికే ఎక్కిస్తే ఎక్కదు. నూనెలో మెత్తటి నికెల్ పొడి కలిపి వేడి చేస్తేనే ఎక్కుతుంది. పని పూర్తయ్యాక ఆ నికెల్‌ను వడకట్టి తీసేస్తారు. అది నూనెలో కలిసిపోదు, ఖర్చయిపోదు. తాను ఖర్చుకాకుండా రసాయన చర్యను వేగంగా నడిపించే ఇలాంటి పదార్థానికి ఉత్ప్రేరకం అని పేరు.

నికెల్‌కు ఈ గుణం ఉందని 1897లో గుర్తించినవాడు ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో పనిచేసిన పాల్ సబాతియే. 1912లో నోబెల్ బహుమతి వచ్చింది ఆయనకు. సబాతియే కనిపెట్టిన విషయం కన్నా, దాని వెనక ఆయన ఊహించిన కారణం ఇంకా విలువైనదని నా అభిప్రాయం. ఉత్ప్రేరకం అంటే పక్కన నిలబడి చూసే సాక్షి కాదన్నాడాయన. హైడ్రోజన్ కాసేపు నికెల్‌కు అంటుకుంటుంది, ఆ తర్వాత నూనెలోకి వెళ్లిపోతుంది. ఆ అంటుకోవడంలోనే కిటుకంతా ఉంది. పట్టు బలహీనమైతే హైడ్రోజన్ అసలు ఆగదు. మరీ గట్టిదైతే ఇక వదలదు, ఆ చోటు శాశ్వతంగా మూసుకుపోతుంది. కావలసినంత గట్టిగా పట్టుకుని, సమయానికి వదిలేసే లోహమే మంచి ఉత్ప్రేరకం. నూరేళ్లు దాటినా ఈ సూత్రం చెక్కుచెదరలేదు. నీటి నుంచి హైడ్రోజన్ తీసే యంత్రాల్లోనూ ఈనాటికీ ఇదే గీటురాయి.

పట్టుకోవాలంటే ముందు తాకాలి కదా. లోహపు ముద్దలో లోపల పడి ఉన్న పరమాణువును హైడ్రోజన్ తాకలేదు. పైన ఉన్నవాటికే పని. ఈ సంగతిని చేతల్లో చూపించినవాడు అమెరికాలో టెనెసీ రాష్ట్రపు చాటనూగాకు చెందిన మర్రే రేనీ. పత్తిగింజల నూనెను గడ్డకట్టించడానికి మెరుగైన నికెల్ కోసం 1920ల్లో ఆయన వెతికాడు. ఆయన చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, రసాయన శాస్త్రం కాదు. నికెల్‌ను, అల్యూమినియాన్ని కలిపి కరిగించి, చల్లారాక ఆ మిశ్రలోహాన్ని నలగ్గొట్టి కాస్టిక్ సోడా ద్రావణంలో వేశాడు. అల్యూమినియం బుసబుసా పొంగుతూ కరిగిపోయింది, నికెల్ మిగిలింది. కరిగిపోయిన అల్యూమినియం చోటల్లా బోలుగా ఉండిపోవడంతో ఆ నికెల్ లోపలంతా సన్నటి తూట్లే. ఒక గ్రాము రేనీ నికెల్‌లో సుమారు 100 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మన లెక్కలో దాదాపు 120 గజాల ఇంటి స్థలం. నానో అనే మాట ప్రయోగశాలల్లోకి రావడానికి ఎన్నో దశాబ్దాల ముందే ఆ ఇంజనీరు నానో పదార్థాన్ని డ్రమ్ముల్లో నింపి అమ్మాడు.

నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. ప్లాటినం పరమాణువులను పక్కపక్కన పేరిస్తే ఒక నానోమీటరులో మూడో నాలుగో పడతాయి. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ప్లాటినం ఘనాన్ని తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. అదే లోహాన్ని 10 నానోమీటర్ల ఘనాలుగా తరిగితే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది. లోహం బరువు పెరగలేదు, పది లక్షల రెట్లు పెరిగింది బయటపడ్డ ముఖం. 3 నానోమీటర్ల రేణువుల దాకా వెళితే మూడింట ఒక వంతుకు పైగా పరమాణువులు ఉపరితలం మీదే ఉంటాయి. హైడ్రోజన్‌తో విద్యుత్తు పుట్టించే ఫ్యూయల్ సెల్‌లలో కార్బన్ పొడి మీద అద్దే ప్లాటినం రేణువులు సుమారుగా ఈ పరిమాణంలోనివే.

ఇక్కడిదాకా విన్నవాళ్లకు విద్య అంతా పొడి చేయడంలోనే ఉందనిపిస్తుంది. నానో పదార్థాల గురించి వచ్చే చాలా వ్యాసాలు కూడా ఇక్కడే ఆగిపోతాయి. అసలు కథ మొదలయ్యేది ఆ తర్వాతే. పైకి వచ్చిన పరమాణువులన్నీ ఒకేలా పనిచేయవు. కొన్ని పనిచేస్తాయి, కొన్ని ఊరికే ఉంటాయి, కొన్ని చెడగొడతాయి. ఏ పరమాణువు ఎక్కడ నిలబడాలో తెలుసుకోవడానికే గత ఇరవై ఏళ్లుగా ఈ రంగంలో శ్రమంతా సాగుతోంది.

ముందు నీటిలోంచి హైడ్రోజన్ తీసే పని చూద్దాం. విద్యుత్తుతో నీటిని విడగొట్టవచ్చని 1800లోనే లండన్‌లో విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ చూపించారు. ఓల్టా తన బ్యాటరీని లోకానికి ప్రకటించిన సంవత్సరమే అది. సూత్రం ప్రకారం 1.23 వోల్టులు చాలు. నిజానికి ఆ వోల్టేజి దగ్గర బుడగ కూడా రాదు. ఫ్యాక్టరీలో 1.8, 1.9 వోల్టుల దాకా పెంచితే గానీ చెప్పుకోదగ్గ వేగం రాదు. ఆ అదనపు వోల్టేజిలో పెద్ద వంతు ఎలక్ట్రోడ్ల మీద జరిగే చర్యల మందకొడితనానికి మనం కట్టే సుంకం.

ఆ సుంకం ఎంతో లెక్క కట్టి చూడండి. ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 26,600 ఆంపియర్-గంటల కరెంటు కావాలి. అది ప్రకృతి పెట్టిన లెక్క, ఎవరూ తగ్గించలేరు. దాన్ని వోల్టేజితో గుణిస్తే ఖర్చయ్యే విద్యుత్తు వస్తుంది. 1.9 వోల్టుల దగ్గర కిలోకు 50 యూనిట్లు. ఎలక్ట్రోడ్‌ను బాగుచేసి 0.1 వోల్టు తగ్గించగలిగితే కిలోకు 2.66 యూనిట్లు మిగులుతాయి. 2023 జనవరిలో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ పెట్టుకున్న లక్ష్యం 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు. అంత హైడ్రోజన్ మీద 0.1 వోల్టు ఆదా అంటే ఏటా 1,330 కోట్ల యూనిట్లు. అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో ఎన్టీపీసీ చేపట్టిన హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినప్పుడు పత్రికల్లో ఎకరాలూ కోట్లూ చదివాం. ఆ ప్రాజెక్టుల లాభనష్టాల్లో పెద్ద భాగం ఎలక్ట్రోడ్ మీద కొన్ని నానోమీటర్ల మందాన జరిగే తతంగం మీద ఆధారపడి ఉంటుంది.

హైడ్రోజన్ వెలువడే ఎలక్ట్రోడ్‌కు ప్లాటినాన్ని మించినది లేదు. దాని పట్టు సబాతియే చెప్పిన సరైన పట్టుకు చాలా దగ్గర. నికెల్ కాస్త గట్టిగా పట్టుకుంటుంది, బంగారం మరీ వదులు. ప్లాటినంతో చిక్కల్లా ధర. అందుకే ఇంకో పదార్థం కోసం వెతుకులాట. ఆ వెతుకులాటలో ఒక అందమైన మలుపు వేరుశనగ చేనుదాకా వెళుతుంది.

వేరుశనగ మొక్కను పీకి చూస్తే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే అమ్మోనియాగా మారుస్తుంది. ఆ పని చేసే ఎంజైమ్ పేరు నైట్రోజినేజ్. దాని నడిబొడ్డున ఇనుము, గంధకం, ఒక మాలిబ్డినం పరమాణువు గూడుకట్టుకుని ఉంటాయి. ఆ ఎంజైమ్ పనిచేసేటప్పుడు పక్కదారిలో కొంత హైడ్రోజన్ వాయువు కూడా పుడుతుంది. అనంతపురం చేలల్లో మట్టి కింద, మామూలు వేడిలో, ప్లాటినం ఊసే లేకుండా హైడ్రోజన్ తయారవుతోందన్నమాట. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో యెన్స్ నోర్‌స్కోవ్ బృందం ఈ ఎంజైమ్ హైడ్రోజన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టింది. పట్టు సరిగ్గా కావలసినంత ఉంది. అలాంటి అమరిక ఉన్న ఖనిజం ఏదైనా ఉందా అని చూస్తే, ఎప్పటినుంచో తెలిసిన మాలిబ్డినం డైసల్ఫైడ్ కనిపించింది. యంత్రాల గ్రీజులో కలిపే నల్లటి పొడి అది.

విచిత్రమేమిటంటే, ఆ పొడి ఈ పనికి పనికిరాదని అప్పటికే తేలిపోయి ఉంది. గనిలో దొరికే పలకను ఎలక్ట్రోడ్‌గా వాడి చూసినవాళ్లు పెదవి విరిచారు. నోర్‌స్కోవ్ బృందం 2005లో చెప్పినదేమిటంటే, ఈ పదార్థం పొరలు పొరలుగా ఉంటుంది, ఒక్కో పొర నడుమ మాలిబ్డినం, పైనా కిందా గంధకం. పొర ముఖం మీద ఉన్న గంధకానికి తృప్తి ఎక్కువ, దేన్నీ అంటుకోనివ్వదు. అంచు దగ్గర కథ వేరు. అక్కడ పొర హఠాత్తుగా ఆగిపోతుంది కాబట్టి గంధకానికీ మాలిబ్డినానికీ జంటలు సరిపోవు. ఆ లోటే హైడ్రోజన్‌ను సరైన పట్టుతో పట్టుకుంటుంది. పెద్ద పలకలో ముఖం చాలా ఎక్కువ, అంచు చాలా తక్కువ. పనికిరాదనిపించడానికి కారణం అదే.

ఇది లెక్క. రుజువు చేసిన ప్రయోగం 2007లో వచ్చింది. అదే విశ్వవిద్యాలయంలో ఇబ్ చోర్కెన్‌డార్ఫ్ ప్రయోగశాలలో థామస్ జరామిలో, సహచరులు చేశారు. నేను చదివిన ప్రయోగాల్లో ఇంత సూటిగా ప్రశ్న అడిగినవి కొద్ది. నున్నటి బంగారు స్ఫటికాన్ని గాలి లేని గదిలో ఉంచి, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు నడుమ దాని మీద కొద్దిగా మాలిబ్డినం చల్లారు. ఒక్క పొర మందం ఉన్న త్రిభుజాకారపు దీవులు ఏర్పడ్డాయి, కొన్ని నానోమీటర్ల వెడల్పుతో. కొన్ని నమూనాలను 400 డిగ్రీల దాకా, కొన్నిటిని 550 డిగ్రీల దాకా వేడిచేశారు. వేడి ఎక్కువైతే చిన్న దీవులు కలిసి పెద్దవవుతాయి. అంటే అదే వైశాల్యానికి అంచు పొడవు తగ్గుతుంది. స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు ఒకే పరమాణువంత కొసదేలిన సూదిని ఉపరితలానికి ఇంచుమించు ఆనించి నడుపుతూ పోతుంది, సూదికీ ఉపరితలానికీ నడుమ పారే అతి స్వల్ప కరెంటును చదువుతుంది. దానితో తీసిన బొమ్మల్లో దీవుల వైశాల్యాన్నీ, చుట్టుకొలతనూ విడివిడిగా కొలిచారు. ఆ తర్వాత అదే బంగారపు ముక్కను తీసుకెళ్లి ఆమ్లంలో ముంచి, ఎంత వేగంగా హైడ్రోజన్ వస్తోందో కొలిచారు.

వైశాల్యంతో పోల్చి గీస్తే చుక్కలు ఎటుబడితే అటు పడ్డాయి. అంచు పొడవుతో పోల్చి గీస్తే అన్నీ ఒకే గీత మీదికి వచ్చాయి. పనిచేస్తున్నది అంచులేనని ఇక సందేహం లేకుండా తేలింది.

ఆ ఒక్క గీత తర్వాతి పరిశోధన దిశను మార్చేసింది. పొరలను పడుకోబెట్టకుండా నిలువునా పెంచారు, పైకి అంచులే కనిపించేలా. పొర ముఖం మీద అక్కడక్కడ గంధకాన్ని ఊడగొట్టి, మధ్యలోనే కొత్త అంచుల్లాంటి ఖాళీలు పుట్టించారు. ప్లాటినానికి ఇంకా సాటి రాలేదన్న మాట నిజమే. కానీ పనికిరాదని తోసేసిన పదార్థాన్ని ఏ పరమాణువు పనిచేస్తోందో కనిపెట్టి పైకి తీసుకువచ్చిన తీరు ఎంతో విలువైనది. ఉపరితలం ఎంత అన్న ప్రశ్న పోయి, ఉపరితలం మీద ఎవరు అన్న ప్రశ్న వచ్చింది.

నీటిని విడగొట్టే యంత్రం, అంటే ఎలక్ట్రోలైజర్‌లో, హైడ్రోజన్ వైపు సులువైన వైపు. నిజమైన కష్టం ఆక్సిజన్ వైపు. అక్కడ ఒక్కో ఆక్సిజన్ అణువు పుట్టడానికి నాలుగు ఎలక్ట్రాన్లు విడిపోవాలి, నాలుగు మెట్లు దిగాలి. ప్రతి మెట్టులో ఉత్ప్రేరకం వేరువేరు రూపాలను పట్టుకోవాలి. ఒకదాని మీద పట్టు సరిచేస్తే ఇంకోదాని మీద పట్టు కూడా దానితోపాటే మారిపోతుంది. అవి ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. అందువల్ల ఎంత మంచి ఆక్సైడ్ వాడినా 0.3 నుంచి 0.4 వోల్టుల సుంకం తప్పడం లేదు. దానికితోడు ఆమ్లంలో అయితే ఆ ఎలక్ట్రోడ్ దగ్గర మామూలు లోహాలు కరిగిపోతాయి. తట్టుకుని నిలిచి పనిచేసేది ప్రధానంగా ఇరిడియం ఆక్సైడ్ ఒక్కటే. ప్రపంచం మొత్తం మీద ఏటా గనుల నుంచి వచ్చే ఇరిడియం ఏడెనిమిది టన్నులు, అదీ ఎక్కువగా దక్షిణాఫ్రికా నుంచి. ఇప్పటి పద్ధతుల్లో ఒక గిగావాట్ ఆమ్ల తరహా ఎలక్ట్రోలైజర్లకు కొన్ని వందల కిలోలు పడుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఇరిడియాన్ని పొదుపుగా అతి సన్నటి పొరగా అద్దే విద్య మీద ప్రపంచమంతా ఎందుకు కిందామీదా పడుతోందో అర్థమవుతుంది.

ఆమ్లాన్ని వదిలి క్షారంలోకి వస్తే నికెల్ నిలుస్తుంది. మన దేశానికి ఇది కొత్త కాదు. భాక్రా ఆనకట్ట విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఎరువు తయారుచేసే కర్మాగారం 1960ల్లోనే పంజాబ్‌లోని నంగల్‌లో నడిచింది. క్షారంలో నికెల్ ఆక్సిజన్‌ను బాగా తీస్తుందన్నది పుస్తకాల్లో స్థిరపడిన మాట. అయితే బాగా తీస్తున్నది నికెలేనా? 1987లో డెన్నిస్ కోరిగన్ అనే అమెరికన్ పరిశోధకుడు క్షారంలో మలినంగా ఉన్న ఇనుము నికెల్ పొరలోకి చేరితే దాని చురుకుదనం బాగా పెరుగుతోందని చూపించాడు. ఆ మాట చాలామంది చెవికెక్కలేదు. 2014లో ఆరెగన్ విశ్వవిద్యాలయంలో షానన్ బోషర్ బృందం క్షారంలోంచి ఇనుమును పూర్తిగా ఏరివేసే ఉపాయం కనిపెట్టింది. స్వచ్ఛమైన నికెల్ హైడ్రాక్సైడ్ పొడిని ఆ ద్రావణంలో కలిపితే ఇనుమంతా దానికి అంటుకుని దిగిపోతుంది. అలా శుభ్రం చేసిన క్షారంలో నికెల్‌ను పెడితే దాని చురుకుదనం పడిపోయింది. దశాబ్దాల తరబడి నికెల్ ఖాతాలో రాసుకున్న గొప్పతనంలో చాలావంతు సీసాలోంచి తెలియకుండా వచ్చి చేరిన ఇనుముది.

ఈ ఉదంతాన్ని కొత్తగా ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ చదవాలి. ఇలాంటి పొరపాటుకు తావు ఇప్పటికీ ఉంది. ప్లాటినం లేని కొత్త ఉత్ప్రేరకం అంటూ పరీక్షిస్తారు, ఎదురుగా రెండో ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగనే పెడతారు. పరీక్ష సాగేకొద్దీ ఆ తీగ కొద్దికొద్దిగా కరిగి, కొత్త ఉత్ప్రేరకం మీద చేరుతుంది. రోజులు గడిచేకొద్దీ మా పదార్థం ఇంకా మెరుగవుతోందని సంబరపడతారు. ఇంకో సంగతి, చాలా పరిశోధనా పత్రాలు చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్ల దగ్గర కొలిచి గొప్పగా ప్రకటిస్తాయి. ఆమ్ల తరహా ఎలక్ట్రోలైజర్ నడిచేది 1,000 నుంచి 2,000 మిల్లీఆంపియర్ల దగ్గర. అదీ కొన్ని గంటలు కాదు, ఏళ్ల తరబడి. 3 నానోమీటర్ల రేణువుకు ఏళ్లంటే చాలా కాలం. చిన్న రేణువుల నుంచి పరమాణువులు కరిగి పెద్ద రేణువుల మీదికి చేరుతూ ఉంటాయి, చిన్నవి మాయమై పెద్దవి బలుస్తాయి. ఎంతో ఖర్చుపెట్టి విడదీసిన ఉపరితలం మెల్లమెల్లగా మళ్లీ ముద్దకడుతుంది. ఈ రంగంలో గెలుపును చురుకుదనంతో కాకుండా ఆయుష్షుతో కొలిచే రోజు త్వరగా రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక విద్యుత్తును దాచే పని. ఇక్కడ ఉపరితలంతోపాటు దారి కూడా ముఖ్యమవుతుంది.

ఉపరితలమే సర్వస్వమైన పరికరం సూపర్ కెపాసిటర్. అందులో రసాయన చర్య ఏమీ జరగదు. కార్బన్ ఉపరితలం మీదికి అయాన్లు వచ్చి వరుసగా ఆనుకుంటాయి, అంతే. ఎంత ఉపరితలం ఉంటే అంత ఛార్జి. ఆ కార్బన్‌కు ప్రపంచమంతా వాడే మంచి ముడిసరుకుల్లో ఒకటి కొబ్బరిచిప్ప. చిప్పలను గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తారు. తర్వాత సుమారు 800 డిగ్రీలు దాటిన వేడిలో దాని మీదికి నీటి ఆవిరి పంపుతారు. ఆవిరి కార్బన్‌ను కొరుక్కుంటూ లోపలికి పోతుంది, అతి సన్నటి రంధ్రాలు మిగులుస్తుంది. అలా తయారైన ఒక గ్రాము బొగ్గులో 1,500 చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంటుంది. కోనసీమలో చిప్పలను పొయ్యిలో పెట్టుకునేవాళ్లకు ఈ లెక్క చెబితే నమ్మడం కష్టం, కానీ ఒక గ్రాములో ఎకరంలో మూడో వంతుకు పైగా.

ఇందులోనూ 2006లో ఒక తలకిందులు జరిగింది. రంధ్రం మరీ సన్నమైతే అయాన్ లోపలికి పోలేదని, అలాంటి రంధ్రాల ఉపరితలం వృథా అని అందరూ అనుకునేవారు. అయాన్ ఒంటరిగా తిరగదు మరి, చుట్టూ ద్రావణి అణువులను కప్పుకుని తిరుగుతుంది. ఫిలడెల్ఫియాలో యూరీ గొగోట్సి, తులూజ్‌లో పాట్రిస్ సిమోన్ కలిసి టైటానియం కార్బైడ్‌లోంచి క్లోరిన్‌తో టైటానియాన్ని లాగేశారు. వేడిని మార్చడం ద్వారా రంధ్రాల సైజును తమకు కావలసినట్టు అమర్చుకున్నారు. ఒక నానోమీటరు కన్నా సన్నటి రంధ్రాల దగ్గర ఛార్జి తగ్గాల్సింది పోయి ఒక్కసారిగా పెరిగింది. అయాన్ తన ద్రావణి కప్పును కొంత విడిచేసి, కార్బన్ గోడకు మరింత దగ్గరగా చేరుతోంది. అప్పట్లో సిమోన్ పనిచేసిన విశ్వవిద్యాలయం పేరు పాల్ సబాతియే విశ్వవిద్యాలయం.

సూపర్ కెపాసిటర్ క్షణాల్లో నిండుతుంది, లక్షలసార్లు వాడినా అలసిపోదు. కానీ అది దాచగలిగేది తక్కువ. ఎక్కువ దాచాలంటే అయాన్ పైన ఆనుకుంటే చాలదు, పదార్థం లోపలికి వెళ్లి కూర్చోవాలి. అదే లిథియం అయాన్ బ్యాటరీ. లోపలికి వెళ్లడానికి సమయం పడుతుంది, ఆ సమయం దూరానికి వర్గంగా పెరుగుతుంది. 10 మైక్రోమీటర్ల రేణువు బదులు 100 నానోమీటర్ల రేణువు తీసుకుంటే దూరం 100 రెట్లు తగ్గుతుంది, సమయం 10,000 రెట్లు. నానో పదార్థాలు బ్యాటరీల్లోకి రావడానికి మూలకారణం ఇదే. ఆ ప్రయోజనం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించే పదార్థం లిథియం ఐరన్ ఫాస్ఫేట్.

1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్, ఆయనతో పనిచేసిన ఎ.కె. పాధి, కె.ఎస్. నంజుండస్వామి ఈ పదార్థాన్ని లోకానికి పరిచయం చేశారు. ఇనుము చవక, ఫాస్ఫేట్ చవక. ఫాస్ఫరస్‌కూ ఆక్సిజన్‌కూ ఉన్న బంధం గట్టిది కాబట్టి వేడెక్కినా ఆక్సిజన్ సులభంగా విడిపోదు, మంట భయం తక్కువ. ఇన్ని సుగుణాలున్నా కరెంటును దాదాపు తనగుండా పోనివ్వదు. అందులో ఉన్న లిథియంలో పదింట ఆరు వంతులనే వాళ్లు మొదట బయటికి తీయగలిగారు, అదీ చాలా నెమ్మదిగా. తక్కువ పవర్ కావలసిన చోట్లకు ఇది మంచిదని వాళ్లే రాశారు. ఈనాడు మన ఊళ్లలో తిరిగే ఎలక్ట్రిక్ బస్సుల్లో, ఆటోల్లో చాలావాటి బ్యాటరీలో ఉన్నది ఆ పదార్థమే.

నడుమ ఏం జరిగింది? మొదట కార్బన్ పూత. ఫాస్ఫేట్ పొడిలో చక్కెరలాంటిది కలిపి, గాలి లేకుండా కాలిస్తే ఒక్కో రేణువు చుట్టూ కొన్ని నానోమీటర్ల కార్బన్ తొడుగు ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్లకు దారి దొరికింది. మైకెల్ అర్మాండ్ బృందం 1999 ప్రాంతంలో కెనడాలో ఈ మార్గం చూపింది. కార్బన్ పూతతో ఈ పొడిని తయారుచేసే పద్ధతిని హైదరాబాద్ బాలాపూర్‌లోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రం కూడా సొంతంగా రూపొందించింది.

రెండోది లిథియం దారి. ఈ స్ఫటికంలో లిథియం ఎటుబడితే అటు పోలేదు. ఒకే దిశలో సాగే సన్నటి సొరంగాల్లో, ఒకదాని వెనక ఒకటిగా నడవాలి. పక్క సొరంగంలోకి దూకే వీలు లేదు. స్ఫటికం పెరిగేటప్పుడు అక్కడక్కడ ఒక ఇనుప పరమాణువు పొరపాటున లిథియం చోట్లో కూర్చుంటుంది. ఇరుకు సందులో ఎడ్లబండి విరిగి ఆగిపోయినట్టే, ఆ సొరంగం అక్కడితో బంద్. సొరంగానికి రెండు కొసలా దార్లున్నాయి కాబట్టి ఒక్క బండి ఆగితే అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు బయటపడవచ్చు. రెండుచోట్ల ఆగితే నడుమ ఉన్నవాళ్లు ఇరుక్కుపోతారు. ఈ సొరంగంలో లిథియం చోట్లు సుమారు 0.3 నానోమీటర్లకు ఒకటి. 500 చోట్లకు ఒక తప్పు ఉందనుకుందాం. ఒక మైక్రోమీటరు పొడవున్న సొరంగంలో 3,300 చోట్లుంటాయి, ఆరేడు అడ్డంకులు ఖాయం, లోపలి లిథియం చాలావరకు బందీ. 50 నానోమీటర్ల సొరంగంలో 170 లోపే చోట్లు, చాలా సొరంగాల్లో అసలు అడ్డంకే ఉండదు. 2010లో ఎం.ఐ.టి.లో గెర్బ్రాండ్ సెడర్ బృందం ఈ మాటను లెక్కలతో వివరించింది. పదార్థం మారలేదు, తప్పుల నిష్పత్తి మారలేదు, రేణువు పొడవు తగ్గినందుకే తప్పులు నిరపాయమయ్యాయి. రేణువు సైజుతో పదార్థపు గుణమే మారిపోతుందనడానికి ఇంతకన్నా తేటగా కనిపించే ఉదాహరణ నాకు తెలియదు.

అలాగని ఎంత చిన్నదైతే అంత మంచిదా అంటే, కాదు. నానో పొడి గుల్లగా ఉంటుంది, అదే బరువుకు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, బ్యాటరీ పెద్దదవుతుంది. అందుకే తయారీదార్లు నానో రేణువులను గుండ్రటి మైక్రోమీటరు ఉండలుగా కట్టి వాడతారు. రెండో ఇబ్బంది మరీ పెద్దది. సిలికాన్‌ను చూడండి. బ్యాటరీ రుణధ్రువంలో వాడే గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీఆంపియర్-గంటలు దాచగలిగితే సిలికాన్ దాదాపు 3,580 దాస్తుంది. కానీ లిథియం చేరేసరికి దాని ఘనపరిమాణం ఇంచుమించు నాలుగింతలవుతుంది, రేణువు పగిలి పొడవుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో యీ త్సూయి బృందం 2008లో సిలికాన్‌ను నానో తీగల రూపంలో పెంచి ఈ పగుళ్లను తప్పించింది. సుమారు 150 నానోమీటర్ల లోపు సిలికాన్ రేణువులు ఉబ్బినా పగలవని 2012లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు.

సమస్య తీరిందనుకునే లోపు ఉపరితలం అడ్డం తిరిగింది. రుణధ్రువం ముఖం బ్యాటరీలోని ద్రవాన్ని తాకిన ప్రతిచోటా ఒక పలచటి పొర కడుతుంది, ఆ పొర కొంత లిథియాన్ని శాశ్వతంగా మింగేస్తుంది. గ్రాఫైట్ మీద ఆ పొర ఒకసారి కట్టి నిలిచిపోతుంది. సిలికాన్ ఉబ్బి తగ్గినప్పుడల్లా పొర చిట్లి, కొత్త ముఖం బయటపడి, మళ్లీ లిథియం ఖర్చవుతుంది. ఉత్ప్రేరకం దగ్గర మనం వెతికి వెతికి పెంచుకున్న ఉపరితలం ఇక్కడ బ్యాటరీ ప్రాణం తోడేస్తుంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న చాలా సెల్‌లలో గ్రాఫైట్‌తో కలిపి వాడుతున్న సిలికాన్ కొద్ది శాతమే కావడానికి కారణం ఇదే.

విడివిడిగా చెప్పుకున్న ఈ రెండు పనులు, హైడ్రోజన్ తీయడం, విద్యుత్తు దాచడం, ఎండ కాసే చోట ఒకదానికొకటి అవసరమవుతాయి. సోలార్ విద్యుత్తుతో నడిచే ఎలక్ట్రోలైజర్ రోజూ సాయంత్రం ఆగిపోతుంది. క్షార తరహా యంత్రంలో వందల సెల్‌లు వరుసగా కలిపి ఉంటాయి. కరెంటు ఆపగానే లోపల మిగిలిన హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి ఆ యంత్రాన్నే ఒక బ్యాటరీలా మార్చేస్తాయి. ఎలక్ట్రోడ్ల గుండా కరెంటు వెనక్కి పారుతుంది. హైడ్రోజన్ వైపు ఉన్న నికెల్, తూట్లు తూట్లుగా ఎంతో శ్రద్ధతో పెంచిన నికెల్, హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. తెల్లారి ఎండ రాగానే తిరిగి లోహమవుతుంది. అటూ ఇటూ ఇలా మారుతూ ఉండగా సన్నటి నిర్మాణం నలుగుతుంది, పూత పెచ్చులూడుతుంది. పగలూ రాత్రీ ఆగకుండా నడిచే ఫ్యాక్టరీల్లో ఇది పెద్ద బాధ కాదు. నీటి విద్యుత్తు మీద నడిచిన నంగల్ రోజుల్లో ఎవరికీ ఇంతగా పట్టని సమస్య ఇది. రాయలసీమ ఎండ మీద ఆధారపడి హైడ్రోజన్ తీయాలనుకునేవాళ్లు తప్పక పట్టించుకోవాలి. దీనికి తెలిసిన ఒక మందు ఏమిటంటే, రాత్రంతా ఆ సెల్‌ల మీద స్వల్పమైన వోల్టేజిని నిలిపి ఉంచడం. ఉప్పునీటి నుంచి క్లోరిన్ తీసే కర్మాగారాల్లో ఈ ఏర్పాటు ముందునుంచీ ఉంది. ఎలక్ట్రోలైజర్ షెడ్డు పక్కనే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను పెడితే, పగలు నింపుకున్న దాంట్లోంచి కాస్త ఖర్చుచేసి రాత్రి నికెల్‌ను కాపాడతాయి. వెనక్కి పారే కరెంటును తట్టుకునే కొత్త పూతల కోసం కూడా ప్రయోగశాలల్లో వెతుకుతున్నారు. వాటిని పరీక్షించాల్సింది గంటల తరబడి నిలకడగా ఉండే కరెంటుతో కాదు, మన ఎండలాగే రోజూ లేచి రోజూ అస్తమించే కరెంటుతో.